డాన్స్ ఫ్లోర్, బార్ కౌంటర్, మంచినీళ్ల కుళాయి

నైట్‌క్లబ్బుల్లో మత్తు గురించి మాట వస్తే నేరమంతా మాత్ర మీదో, అది మింగిన కుర్రాడి మీదో వేసేయడం మామూలే. ఇంగ్లండ్ క్లబ్బుల అరవై ఏళ్ల చరిత్ర చదువుతుంటే నాకు మాత్రం ముందు లైసెన్సు కాగితం, గాలి ఆడని హాలు, బార్ కౌంటరే కనబడతాయి. ఎవరు ఏం పుచ్చుకుంటారో, ఎంత పుచ్చుకుంటారో చాలావరకు అక్కడే తేలిపోయింది.

1963లో మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బు మొదలైంది. మద్యం అమ్మే లైసెన్సు లేదు. కాఫీ, కూల్‌డ్రింకులు, అమెరికా నల్లజాతి గాయకుల సోల్ రికార్డులు, అంతే. పబ్బులు పదిన్నర, పదకొండుకే కట్టేసే రోజులవి. శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం తెల్లారేదాకా ఎగరాలంటే బీరు పనికిరాదు, నిద్రను ఆపేదేదో కావాలి. యాంఫెటమిన్ కలిసిన డ్రినామిల్ మాత్రలు అలా వచ్చాయి. కుర్రకారు వాటిని పర్పుల్ హార్ట్స్ అనేవారు. డాక్టరు చీటీ లేకుండా అలాంటి మాత్రలు దగ్గర పెట్టుకోవడం నేరమని 1964లో చట్టం చేశారు. అలవాటు మాత్రం పోలేదు. 1973 నుంచి 1981 వరకు నడిచిన విగన్ క్యాసినోదీ ఇదే దారి. పేరుకే క్యాసినో, నిజానికి అదొక పాత బాల్‌రూమ్. అక్కడ రాత్రంతా సాగే ఆల్‌నైటర్లలోనూ మద్యం లేదు. చెక్క నేల మీద పాదాలు జారడానికి టాల్కమ్ పౌడర్ చల్లుకుని, యాంఫెటమిన్ వేసుకుని పొద్దున దాకా ఆడేవారు. బార్ మూసి రాత్రిని మాత్రం తెరిచి ఉంచితే ఆ ఖాళీలోకి ఏదో ఒకటి రాకుండా ఉండదు.

అసలు కథ హాసియెండాది. ఫ్యాక్టరీ రికార్డ్స్ కంపెనీ, న్యూ ఆర్డర్ బ్యాండ్ కలిసి 1982 మే 21న మాంచెస్టర్‌లో, ఒకప్పుడు పడవలు అమ్మిన షోరూములో ఈ క్లబ్బు తెరిచాయి. బెన్ కెల్లీ అనే డిజైనర్ ఉక్కు స్తంభాలకు ఫ్యాక్టరీల్లో ప్రమాద సూచికగా వేసే పసుపు, నలుపు పట్టీలు వేయించాడు. మొదటి కొన్నేళ్లు జనం లేక ఈగలు తోలుకున్నారు. తర్వాత షికాగో నుంచి హౌస్ సంగీతం వచ్చింది, దాని వెనకే ఎక్స్‌టసీ మాత్ర. ఇందులో ఉండే ఎండీఎంఏకి జర్మనీ మందుల కంపెనీ మెర్క్ 1912లోనే పేటెంట్ దరఖాస్తు పెట్టింది. బ్రిటన్ దాన్ని 1977లోనే నిషేధించింది. అంటే ఆ పదార్థం ఎప్పటినుంచో ఉంది, దానికి సరిపడే గది దొరకడానికే ఇన్నేళ్లు పట్టింది. ఆగని బీటు, పొగ, మిణుకుమనే లైట్లు, ఒకరినొకరు రాసుకునేంత జనం, అన్నీ 1988 వేసవికి ఒకేచోట కుదిరాయి.

హాలు కిక్కిరిసింది, బార్ వెలవెలబోయింది. ఎక్స్‌టసీ వేసుకున్నవాడికి బీరు మీద మనసు పోదు, నీళ్లు అడుగుతాడు. దేశమంతా పేరు మోగుతున్న క్లబ్బుకు మాత్రం నష్టాలే. న్యూ ఆర్డర్ బేసిస్టు పీటర్ హుక్ 2009లో దీని మీద పుస్తకం రాసి, క్లబ్బు ఎలా నడపకూడదో అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. బార్‌కు రావాల్సిన డబ్బు ఇంకొకరి జేబులోకి పోయింది. తలుపు దగ్గర మనిషి ఎవరివాడైతే లోపల సరుకు వాళ్లదే గనుక ముఠాలు గుమ్మం కోసం కొట్టుకున్నాయి. తుపాకుల బెదిరింపులు తట్టుకోలేక 1991లో కొన్ని నెలలు మూసుకుని మళ్లీ తెరిచారు. 1997 జూన్‌లో శాశ్వతంగా మూతపడింది.

బార్ ఆదాయం పడిపోయాక ఆ కాలపు క్లబ్బులు కొన్ని చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. టాయిలెట్లలో చన్నీళ్ల కుళాయిలు కట్టేసి సీసా నీళ్లు అమ్మాయి. ఎండీఎంఏ ఒంటి వేడి పెంచుతుంది, అలసట తెలియనివ్వదు. గంటల తరబడి ఎగిరే మనిషికి ఉక్కపోత హాలు, మూసిన కుళాయి కలిస్తే వడదెబ్బే. 1989లో హాసియెండాలో కుప్పకూలిన పదహారేళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. మాంచెస్టర్‌లో మత్తు అలవాటు ఉన్నవారికి సాయపడే లైఫ్‌లైన్ అనే సంస్థ 1990ల మొదట్లో ఈ చిక్కు విషయంలో ఉపదేశం వదిలేసి పని మొదలుపెట్టింది. ఉచితంగా చల్లటి నీళ్లు, సరైన గాలి, కూర్చుని సేదదీరే గది, ప్రథమ చికిత్స తెలిసిన సిబ్బంది ఉండాలంది. నీళ్లు కూడా లెక్క లేకుండా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. 1995లో ఎసెక్స్‌లో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి అలాగే చనిపోయింది. అందుకే గంటకు అర లీటరు చొప్పున, గుక్క గుక్కగా తాగమనే సలహా వచ్చింది.

పొలాల్లో జరిగే రేవ్ పార్టీలను 1994 చట్టంతో అణిచేశాక ఆ జనం లైసెన్సున్న క్లబ్బుల్లోకి మళ్లారు. నీళ్లడిగే తరానికి ఏం అమ్మాలో మద్యం కంపెనీలకూ తెలిసొచ్చింది. 1995లో హూచ్ వచ్చింది, నిమ్మ షర్బత్‌లా తియ్యగా ఉండే మద్యం. తర్వాత టేబుళ్లు, కుర్చీలు తీసేసి ఎక్కువమందిని నిలబెట్టే పెద్ద పెద్ద బార్లు వెలిశాయి. గ్లాసు కింద పెట్టే చోటు లేకపోతే అది చేతిలోనే ఉంటుంది, చేతిలో ఉన్నది నోటికి పోతూనే ఉంటుంది. మన పర్మిట్ రూముల్లో నిలబడి గుటకలో దించేసే దృశ్యం చూసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2010లో ఇంగ్లండ్, వేల్స్‌లలో బార్లన్నిటికీ తప్పనిసరి నిబంధనలు పెట్టారు. కస్టమర్ నోట్లో నేరుగా మద్యం పోయకూడదని చట్టంలో రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్న షరతూ అందులోనే ఉంది.

లండన్‌లో 1999 నుంచి నడుస్తున్న ఫ్యాబ్రిక్ క్లబ్బు లైఫ్‌లైన్ అడిగినవన్నీ దాదాపు చేసింది. లోపలే వైద్య సిబ్బంది ఉండేవారు. మిగతా క్లబ్బులకు ఇది ఆదర్శమని 2015 డిసెంబరులో ఒక జడ్జి మెచ్చుకున్నాడు. తొమ్మిది నెలలు తిరగకముందే ఇద్దరు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు చనిపోవడంతో ఇస్లింగ్టన్ కౌన్సిల్ లైసెన్సు రద్దు చేసింది. మళ్లీ 2017 జనవరిలో తెరిచినప్పుడు ఐడీ స్కానర్లు, గట్టి తనిఖీలు, వారాంతాల్లో పందొమ్మిదేళ్లు నిండినవారికే ప్రవేశం అన్నారు. గుమ్మం దగ్గర గట్టి తనిఖీకి భయపడి బయటే ఉన్నదంతా ఒక్కసారిగా మింగేసి లోపలికి వచ్చేవాళ్ల సంగతి మాత్రం ఏ లైసెన్సు షరతూ తేల్చలేదు.