దిద్దుబాటుకు ముందు

మా మిద్దె మీద నిలబడితే ఊరి కొండ కనిపిస్తుంది. పడగ విప్పిన పాములా ఉంటుంది గనక ఉరగకొండ అన్నారనీ, అదే జనం నోళ్ళలో నలిగి ఉరవకొండ అయిందనీ చిన్నప్పటి నుంచీ వింటున్నాను. తెలుగు వికీపీడియాలో కొత్త వ్యాసాలు పరిశీలించడం నేర్చుకోవడం మొదలుపెట్టాక నాకు ముందుగా అర్థమైన సంగతి, ఈ వాక్యం అక్కడ ఉన్నదున్నట్టుగా నిలబడదని. 'అన్నారు' అంటే ఎవరన్నారు? ఎక్కడ అచ్చయింది? చెప్పలేకపోతే వాక్యం పక్కన చిన్న అక్షరాల్లో 'ఆధారం చూపాలి' అని పడుతుంది. పరిశోధన కోసం ఏళ్ళ తరబడి పాదసూచికలు రాసినదాన్ని, ఆధారం అడగడం నాకు కొత్త కాదు. అయినా మా అవ్వ చెప్పిన మాట పక్కన ఆ రెండు ముక్కలూ ఊహించుకుంటే ప్రాణం ఉసూరుమంది.

ఈ పరిశీలన ఎందుకు పుట్టిందో కాస్త చెప్పాలి. 2000లో నుపీడియా అనే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం మొదలైంది. నిపుణులు రాయాలి, నిపుణులు చూడాలి, ఏడు మెట్లు దాటితేగానీ వ్యాసం బయటికి రాదు. మొదటి ఏడాదిలో గట్టెక్కినవి ఇరవై చిల్లర వ్యాసాలు. 2001 జనవరిలో దానికి తోడుగా వచ్చిన వికీపీడియా ఈ వరసను తిరగేసింది: ముందు ఎవరైనా రాయొచ్చు, చూడటం తర్వాత. పద్మ అనే లిప్యంతరీకరణ పరికరాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. ముందు రాసేసే పద్ధతిలో తర్వాత చూసేవాళ్ళు లేకపోతే ప్రకటనలూ, కాపీలూ, సొంత డప్పులూ నిండిపోతాయి. అందుకే 'కొత్త పేజీలు' అనే జాబితా తెరిచి ఒక్కొక్కటే చదివే పని ఒకటి ఏర్పడింది. ఇంగ్లీషులో 2016 నుంచి దీనికి ప్రత్యేక హక్కు ఇస్తున్నారు, నేర్పడానికి బడిలాంటిది కూడా ఉంది. అక్కడ కొత్త పేజీని ఎవరైనా పరిశీలించేదాకా, లేదా తొంభై రోజులు గడిచేదాకా, అది సెర్చ్ ఇంజన్లకు కనిపించదు. గడప లోపలికి వచ్చినా వసారాలోనే కూర్చోబెట్టినట్టు. నాకు బడి దొరకలేదు. పాత చర్చ పేజీలూ, రచ్చబండలో అనుభవజ్ఞులు వాదులాడుకున్న తీరూ చదివి నేర్చుకున్నాను.

నేర్చుకోవాల్సినవి పెద్ద బ్రహ్మవిద్యలేం కాదు. ఎక్కడి నుంచైనా ఎత్తి రాశారా? యంత్రానువాదాన్ని చేయి పెట్టకుండా దించేశారా? చిన్నదైనా ఎదిగే వ్యాసమా? అలాంటిదాన్ని 'మొలక' అంటారు, ఆ మాట నాకు ఎంత నచ్చిందో! వీటన్నిటికంటే చిక్కుది 'విషయ ప్రాముఖ్యత'. ఒక మనిషి మీద పేజీ ఉండాలంటే ఆ మనిషితో సంబంధం లేనివాళ్ళు, నమ్మదగినచోట, ఆ మనిషి గురించి రాసి ఉండాలి. వినడానికి ఇంతకంటే న్యాయమైన నియమం ఉండదు. పత్రికలూ ప్రచురణకర్తలూ సాహిత్య చరిత్రకారులూ ఎవరి గురించి రాశారు, ఎవరి గురించి రాయలేదు అన్న ప్రశ్న వేసుకునేవరకే.

మా మండలంలోని పల్లెల పేజీలు తీసి చూశాను. తెలుగు వికీపీడియాలో గ్రామాలకు వేల సంఖ్యలో పేజీలున్నాయి, చాలావాటిలో 2011 జనగణన వివరాలు నింపారు. ఇన్ని ఇళ్ళు, ఇంత జనాభా, మగవారి సంఖ్య ఇంత, ఆడవారి సంఖ్య ఇంత. ఎంత విలువైన పనో ఒప్పుకుంటూనే అంటున్నాను, నేను చూసిన పేజీల్లో ఆడవాళ్ళు ఆ అంకెలోనే ఉన్నారు. సర్పంచి పేరో, గుడి కట్టించినవారి పేరో, స్వాతంత్ర్య సమరయోధుడి పేరో కనిపించేచోట ఆడపేరు ఒక్కటీ నా కంటబడలేదు. నేతపనికి పేరున్న చోట మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. ఆసు పోసిన చేతులకూ, కండెలు చుట్టిన చేతులకూ ఏ పేరూ లేదు. ఇదీ అలాంటిదే.

ఇక నా తప్పు. ఒక మధ్యాహ్నం కొత్త పేజీల్లో మా ప్రాంతపు కథారచయిత్రి మీద నాలుగు వాక్యాల వ్యాసం కనిపించింది. ఫలానా ఊళ్ళో పుట్టారు, టీచరుగా చేశారు, కథలు రాశారు, చనిపోయారు. మూలాలు సున్న. ఆ పేరు గూగుల్లో వేసి చూశాను, ఏమీ రాలేదు. పది నిమిషాల్లో 'తొలగించు' మూస అంటించి, కారణం దగ్గర 'విషయ ప్రాముఖ్యత కనబడలేదు' అని రాసి, తర్వాతి పేజీకి వెళ్ళిపోయాను. స్త్రీల కథల మీద డాక్టరేటు చేసినదాన్ని. మగ చరిత్రకారులు రచయిత్రులను ఎలా దాటేశారో నా సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో నలభై పేజీలు దెప్పినదాన్ని.

మర్నాడు ఆ వ్యాసం రాసిన డిగ్రీ విద్యార్థిని నా చర్చ పేజీలో ఒక్క ప్రశ్న వేసింది. 'మీరు ఏ పేరుతో వెతికారు?'

ఆ రచయిత్రి పెళ్ళికి ముందు పుట్టింటి పేరుతో రాసింది. తర్వాత అత్తింటి పేరుతో. కొన్నాళ్ళు కలం పేరుతో. నేను వెతికింది ఒక్క పేరుతో. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయం వారి జాబితాలో మిగతా రెండు పేర్లూ వేసి చూస్తే కథలు వరసగా వచ్చాయి, పత్రిక పేరు, తేదీతో సహా. ఒక మనిషి ముగ్గురుగా చీలిపోయి ఉంది, ముగ్గురిలో ఏ ఒక్కరికీ చాలినంత ప్రాముఖ్యత లేదు! మూస తీసేసి, చర్చ పేజీలో క్షమించమని రాశాను. ఇంటిపేరు మార్చుకోవాల్సిన అగత్యం లేని మగ రచయితకు ఈ పరీక్ష ఎప్పుడైనా ఎదురైందా?

మూస అంటించడాన్నీ, తీసేయడాన్నీ, కామా పెట్టడాన్నీ కూడా తెవికీ భాషలో 'దిద్దుబాటు' అంటారు. ఆ మాట చూసినప్పుడల్లా మనకు గురజాడ గుర్తొస్తాడు. 1910లో వచ్చిన ఆయన 'దిద్దుబాటు' తొలి తెలుగు కథ అని తరతరాలుగా పరీక్షల్లో రాశాం. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, 'హిందూ సుందరి'లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' అచ్చయింది. దాచిపెట్టిన రాతప్రతి కాదది, అచ్చయిన పత్రిక. వెతకలేదు, అంతే. ఆ అచ్చమాంబ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని సంకల్పించి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో పని సగంలో ఉండగానే కన్నుమూశారు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చిన అక్క, ఆయన సర్వస్వం మొదలుకాక ముందే, 1901లో, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం తెచ్చింది. స్త్రీల జీవిత చరిత్రలు ఒక్కొక్కటే ఏరి కూర్చిన పుస్తకం. 1905లో ముప్పయ్యేళ్ళకే పోయింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వపు చరిత్ర చెప్పేటప్పుడు తమ్ముడి దగ్గర మొదలుపెడతాం. అక్క దగ్గర ఎందుకు మొదలుపెట్టకూడదో నాకిప్పటికీ తెలియదు.

ఈ వెతకకపోవడం మన ఒక్కరి జబ్బు కాదు. 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే కెనడా భౌతిక శాస్త్రవేత్త మీద రాసిన చిత్తుప్రతిని, మూలాలు ఆమె ప్రాముఖ్యతను నిరూపించడం లేదని పరిశీలకులు తిప్పికొట్టారు. లేజర్ల మీద ఆమె ఎవరితో కలిసి పనిచేసిందో ఆ జెరార్ మురూ పేరుతో పేజీ అప్పటికే ఉంది. అక్టోబరులో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మూడో స్త్రీ ఆమె, రెండో ఆమె తర్వాత యాభై ఐదేళ్ళకు. అప్పుడు హడావిడిగా పేజీ లేచింది. ప్రపంచంలో ఉన్న పక్షపాతాన్నే మా అద్దం చూపిస్తోందని వికీ పెద్దల సమాధానం. సగం నిజం. ఫ్రాన్సెస్కా ట్రిపోడి 2021లో ప్రచురించిన అధ్యయనం మిగతా సగం చెప్పింది. అప్పటికి ఇంగ్లీషు వికీలోని జీవిత చరిత్రల్లో స్త్రీలవి ఐదో వంతు కూడా లేవు, తొలగించాలంటూ ప్రతిపాదించిన జీవిత చరిత్రల్లో మాత్రం దాదాపు నాలుగో వంతు వాళ్ళవే. అంటే ఎక్కడో నాలాంటిది ఒకతె, లేదా ఒకడు, పది నిమిషాల్లో మూస అంటించి తర్వాతి పేజీకి వెళ్ళిపోతున్నారు. తొలగింపు ప్రతిపాదించే ముందు వెతకాలని అక్కడి నియమాల్లో స్పష్టంగా ఉంది. వెతకడం అంటే ఎంతసేపు, ఎన్ని పేర్లతో, ఏ అలమరాలో అన్నది రాసి ఉండదు.

వెతికినా దొరకనివాళ్ళ సంగతి వేరే. అదే విద్యార్థిని రెండు నెలల తర్వాత ఇంకో వ్యాసం పెట్టింది, ఈసారి నన్ను ముందుగా అడిగి. కరువు కాలాల్లో బెంగుళూరుకు వలసపోయి, తట్టలు మోసి, తిరిగొచ్చి, నాట్లకూ పెళ్ళిళ్ళకూ చావులకూ పాటలు కట్టే ఒక పెద్దావిడ మీద. ఎక్కడా ఒక్క ముక్క అచ్చు కాలేదు. మూడు పేర్లూ లేవు ఆమెకు, ఒక్కటే పేరు. నోటిమాటను ఆధారంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న వికీలో కొత్తది కాదు. 2011లో అచల్ ప్రభల 'పీపుల్ ఆర్ నాలెడ్జ్' అనే చిత్రంలో మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఆ ప్రయత్నం చేసి చూపించారు. నియమం మాత్రం పెద్దగా కదల్లేదు.

నేను ఆ అమ్మాయికి 'మనకు తెలియని మన చరిత్ర' ఇచ్చాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన పుస్తకం, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి వేసినది. ఈ రోజు ఆ స్త్రీలలో ఎవరి మీదైనా పేజీ రాస్తే ఈ పుస్తకమే తిరుగులేని మూలం. ఎవరో టేపురికార్డరు పట్టుకుని వెళ్ళకముందు అదంతా నోటిమాటే. కాబట్టి ముందు నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్ళు, పాటలు రాసుకో, వ్యాసంగా ఏదైనా పత్రికకు పంపు, అది వచ్చాక వికీలో మూలంగా పెట్టొచ్చు అన్నాను. నియమం తప్పకుండా దారి చూపించానని కాస్త గర్వంగానే ఉంది.

ఆ పిల్ల పుస్తకం తిరగేస్తూ, తల ఎత్తకుండా అంది. 'అంతవరకు ఆయమ్మ ఉండల్ల గదక్కా.'

ఆ వ్యాసాన్ని ఆమె వాడుకరి పేజీ కింద ప్రయోగశాలలోకి జరిపించాను. అక్కడైతే ఎవరూ తొలగించమని అడగరు, ఎవరి కంటా పడదు కూడా. ఇది పరిష్కారమని నాకేం నమ్మకం లేదు. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి ఆ పల్లెకు వెళ్తున్నాం. ఫోనులో రికార్డింగు సరిపోతుందంటోంది ఆ అమ్మాయి. నేను కాగితాలు కూడా పెట్టుకున్నాను.