పోయిన పనితనాన్ని వెతికిన కంసాలులు

పెళ్లిళ్ల రోజుల్లో నగల దుకాణాల ప్రకటనల్లో ‘యాంటిక్ మోడల్’ అన్న మాట తరచు కనబడుతుంది. పాతదిగా కనిపించే కొత్త నగ అన్నమాట. ఈ మోజు మన కాలంలో పుట్టినది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరపులో, తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన నగలను చూసి అదే తీరులో కొత్తవి చేయడం పెద్ద ఉద్యమంలా సాగింది. దానికి మూలపురుషులు రోము నగరంలోని కాస్తెల్లాని కుటుంబంవారు.

ఫార్చునాతో పియో కాస్తెల్లాని 1814లో రోములో నగల దుకాణం పెట్టాడు. 1836లో రోముకు చేరువలో ఉన్న చెర్వెతెరిలో ఒక సమాధి బయటపడింది. రోమనుల కంటె ముందే అక్కడ వర్ధిల్లిన ఎట్రుస్కన్ల సమాధి అది, క్రీ.పూ. ఏడో శతాబ్దం నాటిది. అందులో దొరికిన బంగారంలో ఒక జత వెడల్పాటి కంకణాలున్నాయి. వాటిమీద స్త్రీమూర్తుల వరుసలు, ఆ బొమ్మల అంచుల వెంట బంగారు గుండ్లు. గుండ్లంటే మన ఆడవాళ్ల మెడలోని గుండ్లు కావు, ఇసుక రేణువంతటివి. ఇవి నేడు వాటికన్ మ్యూజియంలో ఉన్నాయి.

కంసాలి పని ఎరిగినవారికి ఇందులోని చిక్కు వెంటనే తెలుస్తుంది. బంగారానికి బంగారం అతకాలంటే వెలిగారం వేసి టంకం కరిగించాలి. అంత సన్నని గుండ్ల మధ్యకు టంకం పారితే అన్నీ కలిసి ముద్దయిపోతాయి. ఎట్రుస్కన్ కంకణంలో మాత్రం ఒక్కొక్క గుండూ అడుగున చుక్కంత మేర అంటుకొని, విడివిడిగా నిలిచింది. నగ ఎదుటే ఉంది, చేసిన విధానం లేదు. ఆఫీసుల్లో పనిచేసిన మనకిది కొత్త కాదు. ఫైలు సక్రమంగానే ఉంటుంది, ఆ లెక్క ఎలా వచ్చిందో తెలిసిన పెద్దగుమాస్తా రిటైరై వెళ్లిపోయి ఉంటాడు.

ఫార్చునాతో, ఆయన కుమారులు అలెస్సాండ్రో, అగస్తో పట్టు వదలలేదు. సంతాంజెలో ఇన్ వాదో అనే కొండ ఊళ్లో పల్లెటూరి నగలు చేసే పనివారు పాత పద్ధతులు కొన్ని ఇంకా పాటిస్తున్నారని తెలిసి, వారిని రోముకు రప్పించారు. వెలిగారం మానేశారు, టంకాన్ని మెత్తటి పొడి చేశారు. పోపు ప్రభుత్వపు తాకట్టు బ్యాంకు డైరెక్టరు కంపానా పోగుచేసిన ప్రాచీన నగలు కూడా వారి చేతికి వచ్చాయి. (ఆయన బ్యాంకు సొమ్ముతోనే వాటిని కొని 1857లో అరెస్టయ్యాడు. ఖజానా చూసిన నాకు ఆయన రసికతపై గౌరవం కలగలేదు.)

వారి కంకణాలను యూరపు సంపన్నులు ఎగబడి కొన్నారు. అయినా 1860లో పారిస్ పండితుల ముందు అలెస్సాండ్రో, ప్రాచీనుల దగ్గర మనకు తెలియని రసాయన విధానమేదో ఉండి ఉంటుందని బాహాటంగా చెప్పాడు. సొంత సరుకును ఇలా తక్కువ చేసి చెప్పుకొన్న వర్తకుణ్ణి నేనెక్కడా చూడలేదు. తమ నగలు ప్రాచీనమైనవిగా చెలామణీ కాకుండా, రెండు ‘సి’ అక్షరాలు పెనవేసిన ముద్ర కూడా వేసేవారు.

చిక్కుముడి 1930లలో ఇంగ్లండులో లిటిల్‌డేల్ అనే ఆయన విప్పాడు. రాగి లవణాన్ని జిగురులో కలిపి, దానితో గుండ్లను అంటించి వేడి చేయాలి. జిగురు మాడి బొగ్గవుతుంది, ఆ బొగ్గు వల్ల రాగి విడివడుతుంది. రాగీ బంగారమూ కలిసిన చోట, బంగారం కరిగే వేడికంటె తక్కువలోనే అతుకు పడుతుంది. వేరే టంకమే అక్కరలేదు.

ఇలాంటి గుండ్ల పని మన దేశానికీ పరాయిది కాదు. న్యూయార్కులోని మెట్రపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటి ఒక జత బంగారు చెవి నగలున్నాయి. రెక్కల సింహం, ఏనుగు, వాటినిండా చిన్న గుండ్లు. అవి బహుశా ఆంధ్రదేశానివని మ్యూజియంవారే పేర్కొన్నారు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే పెన్షనరు మిత్రులు వీలుంటే చూడండి. గుండ్లు మరీ సన్నం, దగ్గరి చూపు కళ్లజోడు మరిచిపోకండి.