పలాస, మందస: ఒకే యుద్ధం

యుద్ధ వ్యతిరేకోద్యమం అనగానే మనకు జ్ఞాపకం వచ్చేది మహానగరాల ఊరేగింపు. 1939 అక్టోబరు 2న బొంబాయిలో 90 వేల మంది కార్మికులు యుద్ధానికి నిరసనగా సమ్మె చేశారు. గొప్ప సంగతే. అయితే ఆర్నెల్లు తిరక్కుండా మన పలాసలో జరిగినదాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు సమంజసంగా తోచదు.

నేటి శ్రీకాకుళం జిల్లా పలాసలో, 1940 మార్చి నెలాఖరున, అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షులుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టయ్యారు. బ్రిటిషువారి సామ్రాజ్యవాద యుద్ధాన్ని ప్రతిఘటించాలని సభ రైతాంగానికి పిలుపునిచ్చింది.

ఎక్కడో ఐరోపాలో యుద్ధమైతే ఉద్దానం రైతుకేం పట్టిందని కొందరు మిత్రులు అడుగుతారు. పట్టింది. 1937లో వచ్చిన మద్రాసు కాంగ్రెసు మంత్రివర్గం జమీందారీల విచారణకు ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన సంఘం వేసింది. భూమికి హక్కుదారు రైతేగాని జమీందారు కాడని 1938లో ఆ సంఘం తేల్చింది. అది చట్టం కాకమునుపే, 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఇక్కడ ఎవరినీ అడక్కుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. నిరసనగా అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. గవర్నరు పాలన వచ్చింది, నివేదిక అటకెక్కింది. (రాజాజీ తొందరపడి ఉంటే అంతకుముందే చట్టమయ్యేది కదా అంటే, కాదనలేను.) జమీందారీల రద్దు చట్టానికి రైతు 1948 దాకా ఆగవలసి వచ్చింది. యుద్ధం వద్దన్న రైతు తన పొలం సంగతే మాట్లాడాడు.

మహాసభ ముగిసి వారం తిరగలేదు. ఏప్రిల్ 1న, పక్కనే ఉన్న మందస జమీందారీలో, అడవి కలప మీద హక్కుకోసం నిలబడ్డ గుడారి రాజమణిపురం రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు ప్రాణాలు విడిచారు. వారిలో సాసుమాన గున్నమ్మ గర్భవతి. మంత్రివర్గమూ లేదు, శాసనసభలో జవాబు చెప్పేవాడూ లేడు. యుద్ధం పేరిట వచ్చిన పాలన అది.

పలాసది అంతర్జాతీయ సమస్య, మందసది స్థానిక సమస్య అన్న విభజన నేనొప్పుకోను.

మరో చిక్కు ఉంది. 1941 జూన్‌లో హిట్లరు సోవియట్ యూనియన్‌పై దండెత్తిన తర్వాత, నిన్నటిదాకా యుద్ధాన్ని ఎదిరించిన కమ్యూనిస్టులే దాన్ని ప్రజాయుద్ధమన్నారు. ఫాసిజం ఓడాలన్నది సత్యమే. కాని ఆ మాట మందస రైతుకు చెప్పడానికి ఎంత గుండె కావాలో, సిద్ధాంత చర్చలు చేసేవారు ఆలోచించినట్టు కనపడదు. తుపాకీ కాల్చిన ప్రభుత్వమే ఇంకా గద్దెమీద ఉంది.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంమీద జపాను బాంబులు పడ్డాయి. ఆ బాంబులను యుద్ధం అధ్యాయంలోనూ, గున్నమ్మను జమీందారీల అధ్యాయంలోనూ రాస్తారు. తెలుగు చెప్పేవాణ్ణయినా, నా తరగతిలో ఆ రెండూ ఒకే రోజు చెబుతాను.