యంత్రమునకు తాళము



నిలిచిన యంత్రము నిద్రించినదని నమ్మరాదు. నా పూర్వశిష్యుఁడొకఁడు బియ్యపు మరలో బెల్టు సరిచేయుచుండఁగా, ఆవలి గదిలోనివాఁడు సంగతి యెఱుఁగక స్విచ్చి వేసెను. నా శిష్యుని కుడిచేతి వ్రేళ్లు మూఁడు పోయినవి. అందు ద్రోహము లేదు, తెలియమియే కలదు. ఆ తెలియమికి మందు వెదకిన చరిత్రను నేఁడు మనవి చేసెదను.

ఇంగ్లండులో 1844వ సంవత్సరపు శాసనము, తిరుగుచున్న మరచక్రములను పిల్లలచే తుడిపింపరాదనెను. మన దేశమున 1881లో వచ్చిన మొదటి కర్మాగారముల శాసనము, అపాయకరములగు యంత్రభాగములకు కంచె వేయుమనెను. ఇవి తిరుగు యంత్రమును గూర్చిన విధులు. నిలిచినది హఠాత్తుగా కదలినచో నేమి గతి?

దీనికి సమాధానము ఆలస్యముగా వచ్చెను. మన 1948వ సంవత్సరపు శాసనమునకు 1976లో ఒక నియమము చేర్చిరి: శక్తిని ఆపు సాధనము పొరపాటున తిరిగి కలియఁగలదైనచో, దానిని ఆపిన స్థితియందే తాళము వేయు నేర్పాటుండవలెను. అమెరికాలో 1989లో ప్రకటించిన నియమము మఱింత వివరముగా నున్నది. బాగుచేయు ప్రతివాఁడును తన తాళము తానే వేసి, అది తనదని తెలియునట్లు చేయవలెను. ఎత్తిన బరువును దింపి, బిగిసిన స్ప్రింగును సడలించి, గొట్టములోని ఆవిరిని విడువవలెను. పిమ్మట స్విచ్చి వేసి చూచి, యంత్రము కదలదని నిశ్చయించుకొనవలెను. పదుగురు పనిచేసినచో పది తాళములు. ఎవని తాళము వాఁడే తీయవలెను.

మీ యూరి మరలోను, మోటారు కొట్టములోను ఒక తాళపుకప్ప యుంచుఁడు. పని ముగియువఱకు తాళపుచెవి యజమాని పెట్టెలో గాక పనివాని మొలత్రాటనే యుండవలెను. ఆనాఁడు నా శిష్యుని మొలత్రాట నది లేదు.