ఒగ్గు కళాకారులు

ఒగ్గు కళాకారులు తెలంగాణ ప్రాంతంలో ఒగ్గు కథను గానం చేసే జానపద కళాకారులు. వీరిలో ఎక్కువమంది కురుమ, గొల్ల కులాలకు చెందినవారు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ దేవతల కథలను ఆట, పాట, మాటలతో చెప్పడం వీరి వృత్తి. కథ చెప్పే వ్యక్తే ఆ దేవతకు పూజారి కూడా కావడం ఈ కళకు గల ప్రత్యేకత. బుర్రకథ దళం ఏ ఊరిలోనైనా వేదిక ఎక్కి ఏ కథనైనా చెప్పవచ్చు. ఒగ్గు కథకుడికి మాత్రం సంప్రదాయం ప్రకారం ముందు దేవుడి పని ఉంటుంది, ఆ పనిలో భాగంగానే కథ వస్తుంది.

పేరు

ఒగ్గు అనేది చేతిలో ఇమిడే చిన్న డమరుకం. ఇది శివుని చేతి వాద్యమని కళాకారుల విశ్వాసం. ఈ వాద్యం పేరే కథకూ, దానిని చెప్పేవారికీ వచ్చింది. మల్లన్న కథ చెప్పేవారిని ఒగ్గువారు, ఒగ్గు పూజారులు అని, బీరప్ప కథ చెప్పేవారిని బీరన్నలు అని పిలుస్తారు. అయితే నేడు అందరినీ కలిపి ఒగ్గు కళాకారులు అనడం వాడుకలో ఉంది.

పట్నం

ఒగ్గు పూజారి ముఖ్యమైన విధి పట్నం వేయడం. మల్లన్నను ఇలవేల్పుగా కొలిచే కుటుంబం మొక్కు తీర్చుకొనేటప్పుడు ఇంటి ముందు పచ్చని పందిరి వేసి పూజారిని పిలుస్తుంది. అతడు పసుపు, కుంకుమ, బియ్యపు పిండి, ఆకుల నుండి చేసిన పచ్చని పొడి, నల్లని పొడి ఉపయోగించి నేలపై పెద్ద ముగ్గు వేస్తాడు. ఇదే పట్నం. దీనిపైనే మల్లన్న కళ్యాణం జరుగుతుంది. బోనాలు సమర్పిస్తారు. రాత్రి కథ మొదలై తెల్లవారేవరకు సాగుతుంది. పూజ ముగిసిన తరువాత పట్నాన్ని తొక్కి, కలిసిపోయిన ఆ రంగుల పొడిని ప్రసాదంగా ఇంటికి తీసుకువెళ్తారు. కొన్ని గంటలు కూర్చొని వేసిన ముగ్గు ఆ విధంగా ఒక్క రాత్రితో చెరిగిపోతుంది. మరుసటి మొక్కుకు మళ్ళీ మొదటినుండి వేయవలసిందే.

సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి ఈ సంప్రదాయానికి ప్రధాన క్షేత్రం. ఇక్కడి మూలవిరాట్టు పుట్టమన్నుతో చేసినది. స్వామికి ఇరువైపులా మేడలమ్మ, కేతమ్మ దేవేరులు ఉంటారు. సంక్రాంతి నుండి ఉగాది వరకు ప్రతి ఆదివారం జాతర జరుగుతుంది. హైదరాబాదు నుండి వచ్చే భక్తుల కారణంగా మొదటి ఆదివారాన్ని 'పట్నం వారం' అంటారు. ఇక్కడ పట్నం అంటే నగరం అని అర్థం, ముగ్గుతో దీనికి సంబంధం లేదు. కానీ ఆ మరునాడే పెద్దపట్నం వేయడం వలన కొత్తవారు ఈ రెంటినీ ఒకటిగా పొరబడుతుంటారు. ఓరుగల్లు సమీపంలోని ఐనవోలు (ఐలోని) మరొక ముఖ్య క్షేత్రం.

మల్లన్నకు మహారాష్ట్రలోని ఖండోబాతోను, కర్ణాటకలోని మైలార దేవునితోను దగ్గరి పోలికలున్నాయి. జెజూరిలో ఖండోబాకు మ్హాళసా, బాణాయి అనే ఇద్దరు భార్యలు. వారిలో బాణాయి గొర్రెల కాపరుల ఆడపడుచు. మల్లన్న కథలో ఈ స్థానం గొల్ల కేతమ్మది. భక్తులు చల్లుకొనే పసుపును అక్కడ భండారా అంటే ఇక్కడ బండారి అంటారు. గొర్రెల మందలతో దక్కను పీఠభూమి అంతటా తిరిగిన ప్రజలు ఒకే దేవుని కథను మూడు భాషలలో చెప్పుకొన్నారని దీనివలన ఊహించవచ్చు.

ప్రదర్శన

దళంలో సాధారణంగా నలుగురు నుండి ఆరుగురు ఉంటారు. ప్రధాన కథకుడు ముందు నిలబడతాడు. అతని మాటను అందుకొని ప్రశ్నలు వేస్తూ, హాస్యం పండిస్తూ, అవసరమైనప్పుడు మరొక పాత్రగా మారిపోయే సహాయకుడు ఒకడు తప్పనిసరి. మిగిలినవారు డోలు, తాళాలు, కంజీర, నపీర వాయిస్తారు. నుదుట బండారి, కాళ్ళకు గజ్జెలు, తలకు రుమాలు వీరి అలంకారాలు.

కథకుడు వచనం చెబుతూ పాటలోకి, పాట నుండి నటనలోకి మారుతూ ఉంటాడు. స్త్రీ పాత్రలను కూడా పురుషులే అభినయించడం పాత పద్ధతి. వీరికి వేరే తెర గాని, ప్రత్యేక వేషాలు గాని ఉండవు. భుజంపై ఉన్న వస్త్రం నెత్తిన కప్పుకుంటే తల్లి, చుట్టి చేతుల్లోకి తీసుకుంటే పసిబిడ్డ. కొమురవెల్లికి సమీపంలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాల ఆధారంగా కథ చెప్పే కులాలు వేరుగా ఉన్నాయి. ఒగ్గువారికి ఆ పటం లేదు. ప్రేక్షకులు చూడవలసినదంతా ఆ ఇద్దరు మనుషుల శరీరాలలోనే చూడాలి.

ప్రధానమైన దేవతా కథలతో పాటు కాంభోజరాజు కథ, సత్యహరిశ్చంద్ర వంటివి కూడా వీరు చెబుతారు. బీరప్ప కథలో బీరప్ప, కామరాతిల కళ్యాణ ఘట్టం కురుమలకు అత్యంత ప్రీతిపాత్రమైనది.

శిక్షణ

ఈ కథలకు కళాకారుల వద్ద రాత ప్రతి ఉండదు. బాలుడు తండ్రి వెంటనో మేనమామ వెంటనో వెళ్ళి మొదట తాళం, తరువాత డోలు వాయిస్తాడు. ఏళ్ళ తరబడి వింటూ సహాయకుడవుతాడు, ఆ తరువాతే ప్రధాన కథకుడు. కథను పాటగా వల్లె వేయడం కంటే ఘట్టాలుగా గుర్తుంచుకోవడం ఈ పద్ధతిలో ముఖ్యం. ఏ ఘట్టాన్ని ఎంతసేపు సాగదీయాలి, నిద్రమత్తులో ఉన్న జనాన్ని ఎక్కడ నవ్వించాలి అనేది కథకుని నేర్పుపై ఆధారపడి ఉంటుంది. అందువలన ఒక కథకుడు చెప్పిన మల్లన్న కథ మరొకరి కథతో పూర్తిగా సరిపోలదు.

ప్రసిద్ధ కళాకారులు

చుక్క సత్తయ్య (1935 - 2017) ఒగ్గు కథను మొక్కుల పందిరి నుండి బహిరంగ వేదికకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. ఈయన స్వగ్రామం ప్రస్తుత జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని మాణిక్యాపురం. రాత్రంతా సాగే కథను గంటా, అరగంట వ్యవధికి కుదించి, రసం చెడకుండా చెప్పగలగడం ఆయన ప్రతిభ. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది.

మిద్దె రాములు వేములవాడ సమీపంలోని హనుమాజీపేటకు చెందినవాడు. కవి సి. నారాయణరెడ్డి జన్మించినదీ ఈ గ్రామమే. కరీంనగర్ ప్రాంతంలో ఒగ్గు కథకు పర్యాయపదంగా పేరుపొందిన ఈయన 2010లో మరణించాడు.

మార్పులు

అక్షరాస్యత, ఆరోగ్యం వంటి విషయాల ప్రచారానికి ప్రభుత్వం ఈ కళారూపాన్ని ఉపయోగించుకున్నది. తెలంగాణ ఉద్యమ సభలలోనూ దీనికి చోటు దక్కింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడి బోనాలు రాష్ట్ర పండుగ అయిన తరువాత ఒగ్గు డోలు విన్యాసాలకు గిరాకీ బాగా పెరిగింది. పదుల సంఖ్యలో కళాకారులు ఒకే దరువుపై అడుగులు వేస్తూ, ఒకరి భుజాలపై ఒకరు నిలిచి డోలు వాయించే ఈ ప్రదర్శన ఊరేగింపులకు చక్కగా నప్పుతుంది. భాష తెలియనివారు కూడా దీనిని ఆనందించగలరు.

ఇది కళాకారులకు ఆదాయాన్నీ గుర్తింపునూ ఇచ్చిన మాట నిజం. యువకులు డోలు నేర్చుకోవడానికి ముందుకు రావడం మంచి పరిణామమే. కానీ డోలు విన్యాసం కొన్ని నెలల సాధనతో పట్టుబడుతుంది, కథ చెప్పడానికి సగం జీవితం పడుతుంది. ఊరేగింపులో కథకుడికి పని లేదు. తెల్లవార్లూ కూర్చొని వినే పందిళ్ళు తగ్గినకొద్దీ సహాయకుడి స్థాయి దాటి ప్రధాన కథకుడయ్యే అవకాశాలూ తగ్గుతాయి. చుక్క సత్తయ్య కథను కుదించగలిగాడంటే అంతకుముందు దానిని పూర్తి నిడివిలో చెప్పి ఉండడమే కారణం. కుదించిన రూపాన్ని మాత్రమే విన్న శిష్యుడు దానిని తిరిగి విస్తరించలేడు.

ధ్వనిముద్రణలు కొంతవరకు ఈ లోటును తీరుస్తాయి. అయితే రేడియోకు, క్యాసెట్లకు చేసినవి సహజంగానే పొట్టి రూపాలు. పందిరి కింద జరిగే పూర్తి కథను, దానితోపాటు పట్నం వేసే క్రమాన్ని, జనం మధ్యలో అడిగే ప్రశ్నలను, కథకుడు వాటికి ఇచ్చే జవాబులను కలిపి నమోదు చేస్తేనే అవి నేర్చుకొనేవారికి ఉపయోగపడతాయి. కొమురవెల్లి జాతర రోజులలో, ఆలయ పరిసరాలలో భక్తులు మొక్కు చెల్లించే చోట ఒగ్గు పూజారులు చిన్న పట్నాలు వేసి కథలోని కొంత భాగం చెప్పడం నేటికీ చూడవచ్చు.