గుణదల మాత — కొండగుహలోని స్వరూపము, దాని చరిత్ర

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో మంగళగిరి మీదుగా విజయవాడ పోవు బస్సులు యాత్రికులతో క్రిక్కిరిసియుండును. వారిలో కతోలికులే గాక హైందవ సోదరులును, మన సంఘస్థులలో కొందరును కలరు. "గుణదల కొండకు మనము పోవచ్చునా, అయ్యగారూ?" అని మమ్మును అడుగుచుందురు. అవుననుటకు గాని కాదనుటకు గాని ముందు, ఆ భక్తి ఎచ్చట ఎట్లు పుట్టెనో తెలిసికొనుట న్యాయము.

దాని మూలము ఫ్రాన్సు దేశములోని లూర్దు గ్రామము. 1858 ఫిబ్రవరి 11న బెర్నడెత్ సుబీరూ అను పదునాలుగేండ్ల పేదపిల్ల కట్టెలేరుకొనుటకు పోయి, మసాబియేల్ గుహలో తెల్లని వస్త్రములు ధరించిన ఒక స్త్రీని చూచితినని చెప్పెను. జూలై 16 వరకు పదునెనిమిది మారులు ఆ దర్శనము కలిగెనని ఆమె సాక్ష్యము. పోలీసు అధికారులు ఆమెను ప్రశ్నించిరి. గుహ యొద్దకు ఎవరును పోకుండ కొంతకాలము అడ్డుకట్టిరి. తార్బ్ బిషప్పుగారు విచారణ జరిపించి 1862లో గాని ఆ దర్శనములను అంగీకరింపలేదు. 1864లో ఫాబిష్ అను శిల్పి చెక్కిన పాలరాతి స్వరూపమును గుహలో నిలిపిరి. తాను చూచిన రూపమును అది పోలియుండలేదని బెర్నడెత్ అసంతృప్తి చెందెను. 1907లో పదవ పయస్ పోపుగారు లూర్దుమాత పండుగను లోకమందలి కతోలికులందరికిని విస్తరింపజేసిరి.

మన ప్రాంతమునకు ఈ భక్తిని తెచ్చినవారు ఇటలీ దేశపు మిలాన్ నుండి వచ్చిన మిషనరీలు. నాడు బెజవాడ హైదరాబాదు మేత్రాసనములో చేరియుండెను. 1923లో గుణదలలో సెయింట్ జోసఫ్ పేరిట అనాథ శరణాలయము వెలసినది. దాని అధికారియైన ఫాదర్ అర్లాటిగారు 1924లో ప్రక్కనున్న కొండమీది సహజమైన గుహలో లూర్దుమాత స్వరూపమును ప్రతిష్ఠించిరి. రాతికొండ, అందులో గుహ — లూర్దును తలపించుటకు అంతకన్న తగిన తావు ఏది? బెజవాడ 1933లో ప్రత్యేక మిషనుగాను, 1937లో మేత్రాసనముగాను ఏర్పడినది. అనగా బిషప్పుగారి పీఠము కన్న కొండమీది భక్తియే ముందు పుట్టినది. కొండ దిగువనున్న దేవాలయము 1971లో ప్రతిష్ఠింపబడినది.

నేడు అచ్చట కొవ్వొత్తులు వెలిగించుటయే గాక కొబ్బరికాయలు కొట్టుదురు, తలనీలాలు అర్పించుదురు. ఈ రెండును లూర్దులో లేవు; ఇవి మన తెలుగునేల మ్రొక్కుబడులు. విదేశమునుండి వచ్చిన స్వరూపమునకు మన ప్రజలు తమ ఇంటి ఆచారముతోనే మ్రొక్కిరి.

ఇక ఆ స్వరూపములో మహిమ యున్నదా? ఇందుకు కతోలిక సంఘమే ఎన్నడో జవాబు చెప్పినది. క్రీ.శ. 787లో నైసియాలో కూడిన రెండవ మహాసభ, పటములకిచ్చు గౌరవము వేరు, దేవునికి మాత్రమే చెల్లు ఆరాధన వేరు అని నిర్ణయించెను. 1563లో త్రెంతు మహాసభ, స్వరూపములలో దైవత్వము గాని శక్తి గాని యున్నదని నమ్మరాదని స్పష్టపరచెను. లూర్దులో స్వస్థత పొందితిమని చెప్పినవారు 7,000 మందికి పైగా ఉండగా, 2018 నాటికి సంఘము అద్భుతములని అంగీకరించినవి 70 మాత్రమే. ప్రజలు తొందరపడినచోట సంఘము ఆలస్యము చేసినదని మనము గమనింపవలెను.

మరియమ్మ మధ్యవర్తిత్వమును గూర్చి మన విశ్వాసము వేరు. దానిని దాచవలసిన పని లేదు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పమును చూచి ఇశ్రాయేలీయులు బ్రదికిరి; తరువాత దానికే ధూపము వేసిరి గనుక హిజ్కియా రాజు దానిని పగులగొట్టెను. గురుతు ఎప్పుడు గురుతుగానే నిలువవలెను. ఈ హెచ్చరిక గుణదలకే కాదు. బైబిలును తలగడ క్రింద రక్షరేకువలె పెట్టుకొను మన ఇండ్లకును, ప్రార్థించిన నూనె సీసాను నమ్ముకొను మన రోగులకును వర్తించును.

కాబట్టి మన పొరుగువారి భక్తిని ఎగతాళి చేయకుందము. బిడ్డ జబ్బుతో ఆ మెట్లెక్కు తల్లి రాతిని చూచుటకు పోవుటలేదు. ఆదరణ వెదకుకొనుచు పోవుచున్నది. ఆమె మన వీధిలోనే యున్నప్పుడు మనము ఆమె ఇంటికి పోయి ప్రార్థించితిమా? నూరేండ్ల పండుగ జరుపుకొను సంఘము ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నదని మేము తలంచుచున్నాము.