మన బాట చివర బందరు రేవు

నల్లగొండ, పాలమూరు జిల్లాల మనకు సముద్రం లేదు. చెరువు అలుగు దుంకితేనే మనకు అదొక సంబరం. అయితే ఒకనాడు మనకూ ఒక రేవు ఉండెననీ, అది బందరు అనీ మన పిల్లలకు తెలియవలెనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు మచిలీబందరే. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ దిగినారు. వారికంటె ముందునుంచే పారశీక వర్తకులు ఉన్నారు. ఓడలు పెగూకు, ఆచేకు, పర్షియాకు, మోఖాకు పోయేవి. హజ్‌కు పోయే యాత్రికులూ అక్కడనే ఓడ ఎక్కేవారు. తరువాత గోల్కొండ వజీరు, ఆపైన ఔరంగజేబు సేనాని అయిన మీర్ జుమ్లా ఆ ఊరి హవల్దారుగా ఉండి, సొంత ఓడలు నడిపినవాడే.

ఇంత సంపద ఉన్న ఊరు ఎట్లుండె? 1618 నుంచి 1622 దాకా అక్కడ ఉన్న మెథ్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు రాసిపెట్టినాడు: చిన్న ఊరు, జనం కిక్కిరిసి ఉంటారు, చుట్టూ కోటగోడ లేదు, ఊరి బావులన్నీ ఉప్పునీరే. టావెర్నియే చూసిననాటికి ఇండ్లు కర్రవే. వజ్రాలు చేతులు మారే ఊరిలో మంచినీళ్లకు కరువన్న మాట! ఫ్లోరైడు నీళ్లకు నడుములు వంగిన మర్రిగూడ, మునుగోడు వాండ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఆ సిరి కూడ ఊరిలో పుట్టింది కాదు. చుట్టుపక్కల పల్లెల్లో సాలెలు నేసిన బట్ట, చిరివేరు ఎరుపుతో అద్దిన కలంకారీ, కొల్లూరు గనుల వజ్రాలు రేవుకు వచ్చి సొమ్మైనవి. హవల్దారీని గుత్తకు ఇచ్చేవారు గనుక, గుత్త కట్టిన దొర ఆ డబ్బును రాబట్టుకొనేది మగ్గం మీదనే.

మన సంబంధం బాటతో. గోల్కొండ నుంచి వజ్రాల గని మీదుగా బందరు పోయే దారిలో టావెర్నియే చెప్పిన మజిలీల్లో పంతంగి, పానగల్లు ఉన్నవి. పండుగ రోజుల్లో మనం కార్లు ఆపుకొని నిలబడే పంతంగి టోల్‌గేటు ఊరే అది. కోస్తా ఉప్పును ఎద్దుల మీద వేసుకొని పై సీమకు తెచ్చినవారు లంబాడీలు. వారి తండాలు దేవరకొండ చుట్టూ ఎన్ని ఉన్నవో మనకు తెలుసు.

1687లో గోల్కొండ పడిపోయింది. 1759లో ఇంగ్లీషువారు బందరు కోటను పట్టుకొన్నారు, సలాబత్ జంగ్ ఒప్పందం రాసి ఇచ్చినాడు. ఆనాటితో బందరు మన సర్కారుకు దూరమైంది. తరువాత మిల్లు బట్ట వచ్చి నేతను కొట్టింది. రేవు మేట వేసి పెద్ద ఓడలు దూరంగానే ఆగవలసి వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయినారు. ఆ దెబ్బకు ఊరు మళ్లీ మునుపటి ఊరు కాలేదు.

మిగిలినవి పేర్లు. డచ్చివారి వలందపాలెం, ఫ్రెంచివారి పరాసుపేట ఇప్పటికీ బందరు పేటలే. అద్దకం పని పెడనలో బతికి ఉన్నది. కొత్త రేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే మన 65వ నంబరు రహదారి ఇప్పటికీ బందరులోనే ఆగుతుంది.